కసిం తిన్న బట్ట

మునిరత్నం కుడిచేతిలో కలం నిలవక ఏడు నెలలయింది.

కాళహస్తిలో కలంకారీ గీసేవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మవారి కళ్లు తనలా దిద్దేవాడు లేడని అతనే చెప్పుకునేవాడు. అది నిజమే. ఇప్పుడు అన్నం ముద్ద కూడా భార్య కలిపి పెట్టాలి.

పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు. ఒంటికి కాపలా కాసే కణాలే సొంత నరాల మీది పొరను శత్రువనుకుని కొరికేశాయట. అవి ఎంత రెచ్చిపోతే జబ్బు అంత ముదురుతుందట. మందులకు ఇప్పుడవి చల్లబడ్డాయి.

రక్తపరీక్ష కాగితం పట్టుకుని మునిరత్నం గురువు చెంగల్రాయుడి ఇంటికి వచ్చాడు. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా అడగాలంటే ఆయన్నే అడగాలనిపించింది.

"అయ్యా, కణాలు చల్లబడినాయంట. మరి నా చెయ్యి ఎందుకు రాలా? నిద్రలో గీస్తానే ఉంటా. లేస్తే వేళ్లు కదలవు."

"నాకు అక్షరం ముక్క రాదని తెలిసీ కాగితం తెచ్చినావే" అన్నాడు చెంగల్రాయుడు. లోపలికెళ్లి పాత బట్ట తెచ్చి చాప మీద పరిచాడు.

మునిరత్నం తల దించుకున్నాడు. తను గీసిన బట్టే అది. గురువు నలుపు కంటే తన నలుపు చిక్కగా ఉండాలని, కసిం అనే నల్లరంగు నానే కుండలో బెల్లంనీళ్లలోకి తుప్పు మేకులు రెండింతలు వేసి నానబెట్టాడు. గీత నిగనిగలాడింది. ఏడాది తిరక్కముందే ఆ నలుపు బట్టను తినేసింది. అమ్మవారి కళ్లున్న చోట రెండు చిల్లులు.

"ఇంకా పారెయ్యలేదా అయ్యా?"

"నీ మీద కోపం మరిచిపోతానేమోనని దాచినా. ఇప్పుడు చెప్పు, కసిం ఇంకా తింటా ఉందా?"

"లేదయ్యా. చిల్లు పడినప్పుడే ఏట్లో ఉతికేసినాం కదా."

"మరి చిల్లు?"

మునిరత్నం ఎడమచేతి వేలితో చిల్లు అంచు తడిమాడు.

చెంగల్రాయుడు బట్ట అంచు నుంచి ఒక పోగు లాగాడు. సూదికి ఎక్కించి, చిల్లుకు అడ్డంగా ఒక్కసారి పోనిచ్చాడు. సూది పక్కన పెట్టేశాడు.

"అంతేనా?"

"ఇవాళ్టికి అంతే. బట్ట జారతా ఉంది. రేపు వచ్చి అంచు నువ్వు అదిమిపట్టు. ఆ చేత్తోనే."

మునిరత్నం రేపటిదాకా ఆగలేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, బట్ట అంచు మీద పెట్టాడు.

చెంగల్రాయుడు కాసేపు ఆ చేతివైపు చూశాడు. రెండో పోగు లాగాడు.