చుక్క కారని మర

నర్సీపట్నంలో జీపులు బాగుచేసే సన్యాసినాయుడు మేస్త్రి, శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. తగిన పని చేతికి వచ్చేదాకా ఆగేవాడు.

ఏడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న ఈశ్వరరావు ఒకనాడు అడిగాడు: “గురువుగారూ, ఇంజను ఆయిలు పైపుల మరలకి, చుక్క కారకుండా తెల్ల టేపు చుట్టడం మంచిదా, గమ్ము రాయడం మంచిదా?”

మేస్త్రి చేతిలో పని చూసుకుంటూ ఉండిపోయాడు. జవాబు రాకపోయేసరికి, ఏదైనా ఒకటేనని ఈశ్వరరావు అనుకున్నాడు.

ఆ వారమే బొంజుబాబు జీపు వచ్చింది. కొండమీది ఊళ్ల నుంచి రోగుల్నీ గర్భిణుల్నీ ఆసుపత్రికి దించే బండి అది. ఇంజను పైభాగానికి ఆయిలు తీసుకెళ్లే సన్నని పైపు, మర దగ్గర చెమరుస్తోంది. మేస్త్రి ఊళ్లో లేడు. ఈశ్వరరావు మర మొదటి చుట్టు నుంచి చివరిదాకా దట్టంగా టేపు చుట్టి బిగించాడు. ఆ తర్వాత చుక్క కారలేదు.

నెల తిరక్కుండానే ఆ జీపును తాడు కట్టి లాక్కొచ్చారు. చిలకమ్మ అనే ఆవిడను పురిటినొప్పులతో దించుతుండగా ఘాట్‌రోడ్డు మలుపులో ఇంజను కటకటలాడి ఆగిపోయిందట. నలుగురు డోలీ కట్టి మోశారు. బిడ్డ దారిలోనే పుట్టాడు. ఇప్పుడు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నాడు.

“నేను బిగించిన మర పొడిగానే ఉంది, చూడండి,” అన్నాడు ఈశ్వరరావు.

మేస్త్రి పైపు ఊడదీసి అతని చేతికిచ్చాడు. “ఊదు.”

ఈశ్వరరావు బుగ్గలు పొంగేలా ఊదాడు. గాలి అవతలికి పోలేదు. తీగ పెట్టి లాగితే బియ్యపుగింజంత తెల్లటి టేపు ముక్క బయటపడింది.

“చుక్క బయటికి పోలేదు. పైకీ పోలేదు,” అన్నాడు మేస్త్రి.

బొంజుబాబుకు ఈశ్వరరావే నిజం చెప్పాడు. “నాకు కాదు, ఆయమ్మకి చెప్పు,” అన్నాడు బొంజుబాబు.

ఈశ్వరరావు వెళ్లి చెప్పాడు. చిలకమ్మ తిట్టలేదు. గాజుపెట్టె వైపు చూపించి, మొహం గోడవైపు తిప్పుకుంది. అతను ఆసుపత్రి అరుగు మీదే సాయంత్రం దాకా కూర్చున్నాడు. రోజూ పనికి పోయేముందు అక్కడికి వెళ్లి వచ్చేవాడు. పదోనాటికి బిడ్డ తల్లి ఒడికి చేరాడు.

అప్పటికి జీపు ఇంజను సిద్ధమైంది. మేస్త్రి పైపు మరను గుడ్డతో తుడిచి, మొదటి రెండు చుట్లూ వదిలేసి, మిగతా వాటికి గమ్ము పలచగా రాశాడు.

“ఆ రెండూ ఎందుకు వదిలారు?”

“లోపల ఆయిలుకి తగిలేవి అవే. టేపు తెగి లోపలికి పోయింది అక్కడే.”

పైపు బిగించి ఒక పూటంతా ఆరనిచ్చి, ఇంజను పై కవరు తీసే ఉంచి బండి స్టార్ట్ చేశారు. కవరు కింద పైకీ కిందికీ ఆడే ఇనుప చేతుల మీద ఆయిలు ఊరుతూ మెరిసింది. అంతలో మర అంచున చిన్న చుక్క నిలిచింది. ఈశ్వరరావు ఉలిక్కిపడి పానా అందుకున్నాడు.

మేస్త్రి అతని మణికట్టు పట్టుకున్నాడు. “బిగిద్దువుగాని, కంగారు పడకు. కనబడే చుక్కకి నేనెప్పుడూ భయపడలేదు.”