పెద్దరాణి అరచెయ్యి

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో పిల్లలూ, సర్దుకుని వినండి.

అనగా అనగా, మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కాలంలో, గిరివీడు అనే రాజ్యం ఉండేది. దాని రాజు జయకేతుడు. ఆయన తల్లి మల్లమాంబ ముసలితనంలో ఒక్కొక్కటే మరిచిపోసాగింది.

ఒకనాడు ఆమె దాసి నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టి, వెంటనే అరచేత్తో ఆ నోరు గట్టిగా నొక్కిపట్టింది. దాసికి ఊపిరాడలేదు. మర్నాడు వంటవాడికి, మూడోనాడు సాక్షాత్తూ మంత్రికి అదే జరిగింది.

"ప్రభూ, పెద్దరాణిగారికి పిశాచం పట్టింది," అన్నాడు మంత్రి, మీసానికంటిన మెతుకులు తుడుచుకుంటూ. "కొండకోటలో ఉంచి తాళం వేయించండి."

రాజు ఒప్పుకోలేదు. మూడు రోజులు గడువడిగి ముగ్గురిని పిలిపించాడు.

మొదట వైద్యుడు గుండయ నాడి చూశాడు. "పిశాచమూ లేదు, విషమూ లేదు. ఈ మరుపులో కొత్త సంగతులు ముందు జారిపోతాయి, పాతవి ఆఖరున. అమ్మగారు ఏదో పాత రోజులో ఉన్నారు. అది ఏ రోజో నా శాస్త్రానికి తెలియదు."

రెండోనాడు చిత్రకారుడు బాచన మూలన కూర్చుని, ఆమె దాసికి అన్నం పెట్టడం బొమ్మ గీశాడు. రాజు ఉలిక్కిపడ్డాడు. బొమ్మలో చెయ్యి దాసి నోటి మీద ఉంది, కళ్ళు మాత్రం భయంతో పైకప్పును చూస్తున్నాయి.

"ఇది నాకెందుకు కనబడలేదు?"

"మీరు చేతినే చూశారు ప్రభూ."

మూడోనాడు ఊరూరా కథలు చెప్పే పేరమ్మ వచ్చింది. మంత్రి నవ్వాడు. "వైద్యుడికి అంతుపట్టనిది నీకు తెలుస్తుందా?"

"తెలియకపోతే పూటన్నం తిని పోతాను. మీ సొమ్మేం పోయింది?" అని, ఆమె బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"ఇది మా అవ్వ పాడిన కథ, నాయనా. శత్రువులు కోటలో చొరబడిన రోజున ఒక రాణి రెండేళ్ళ కొడుకుతో ధాన్యపు పాతరలో దాక్కుంది. పైన కత్తుల చప్పుడు. బిడ్డ ఏడవబోయినప్పుడల్లా నోట్లో ముద్ద పెట్టి, నోరు మూసి, మూత వంక చూసేది. కథలో రాణికి పేరు లేదు."

"బిడ్డకు?" అన్నాడు రాజు.

"ఉంది. జయకేతుడు."

రాజు లేచి తల్లి గదికి వెళ్ళి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె ముద్ద పెట్టింది. నోరు మూసింది. ఆయన కదలలేదు. చాలాసేపటికి, ఆ అరచేతి కిందనుంచే మెల్లగా అన్నాడు: "వాళ్ళు వెళ్ళిపోయారమ్మా."

ఆమె చెయ్యి వదులైంది.

శాస్త్రాన్నీ, బొమ్మనూ, కథనూ మూడింటినీ అడగకుండా ఏ మనిషి మీదా తీర్పు చెప్పకూడదు.

అమ్మాయ్ విశాలా, ఈ కథ నువ్వు ముందే విన్నావుగా, నాకూ పేర్లు మరుపొస్తున్నాయి: వైద్యుడు గుండయ, చిత్రకారుడు బాచన, అవునో కాదో కాస్త గుర్తు చేసి చెప్పు.