జత కుదిరిన పిన్ను

లోకనాథంగారికి ఒక అలవాటు ఉండేది. ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పేవారు కారు. విని ఊరుకుని, ఏదో ఒక పని పురమాయించేవారు. "నా మనసుకు నచ్చింది సరైనదో కాదో తెలుసుకోవడం ఎలా గురువుగారూ?" అని శిష్యుడు సన్యాసిరావు అడిగిన రోజున కూడా అంతే జరిగింది. "ముందు కారు సంగతి చూడు నాయనా" అన్నారాయన.

ఆ కారు సన్యాసిరావు కంటే వయసులో పెద్దది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొండమీది ఆశ్రమంలోనూ, చుట్టుపక్కల గూడేల్లోనూ ఎవరికి జబ్బు చేసినా, పురుడొచ్చినా కిందికి దించే దిక్కు అదొక్కటే. సన్యాసిరావు పేరుకే సన్యాసి. ఇల్లు వదిలాడు, ఉద్యోగం వదిలాడు గానీ ఆ కారు స్టీరింగు మాత్రం ఇంకొకరి చేతికిచ్చేవాడు కాదు. ఇప్పుడు దాని ముందు చక్రం వదులై ఊగుతోంది. మెకానిక్కు ఖాసిం కొండెక్కి వచ్చి, చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప పిన్నును ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. "ఇలాంటిది దొరికితేనే బండి కదుల్తాది" అని చెప్పి, చెల్లెలి పెళ్లికని వాళ్ల ఊరు వెళ్లిపోయాడు.

సన్యాసిరావు విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. జేబులో పిన్ను, చేతిలో దాని నడుము చుట్టుకొలతకు తెంపిన దారం. కనిపించిన ప్రతి పిన్ను నడుముకీ దారం చుట్టి చూడడం, పెదవి విరవడం. మూడోరోజున బంగారమ్మ అనే ఆవిడ తన కొట్టు లోపలినుంచి మైనం కాగితంలో చుట్టి, గ్రీజు పూసి ఉన్న పిన్నును తెచ్చి ఇచ్చింది. దారం చుట్టాడు. కొసలు కలవలేదు.

"లావుగా ఉందమ్మా. ఇది మా బండిది కాదు."

"మీ బండిదే బాబూ. దీన్నే అట్టుకెళ్లు, ఇంకోటి దొరకదు."

అమ్ముకునేవాళ్లు ఇలాగే అంటారని అతను లోపల నవ్వుకున్నాడు. కూర్చుని కొట్టు ముందున్న పాత ఇనుప గుట్టను గంటసేపు కెలికాడు. చివరికి దారం అచ్చంగా సరిపోయిన పిన్ను ఒకటి దొరికింది. దాన్ని కళ్లకద్దుకున్నాడు. బంగారమ్మ "నీ ఇష్టం" అని తన పిన్నుకు మళ్లీ కాగితం చుట్టేసింది.

ఖాసిం ఇంకా రాలేదు. తెలిసిన పనే కదా అని సన్యాసిరావే పిన్ను బిగించాడు. బిగించిన పూటే చిలకమ్మకు నొప్పులు మొదలయ్యాయని గూడెం నుంచి కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. వెనక సీట్లో చిలకమ్మనూ ఆమె తల్లినీ, పక్కన గురువుగారినీ కూర్చోబెట్టుకుని అతను కొండ దిగడం మొదలుపెట్టాడు.

రెండో మలుపులో స్టీరింగు వణికింది. రోడ్డు బాగాలేదనుకున్నాడు. మూడో మలుపులో చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయింది. పక్కనే లోయ. జత కుదిరింది కదా, కళ్లారా చూశాను కదా అని లోపల ఒకటే ఘోష. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం ఊడిపోతుందేమోనని భయం, తొక్కకపోతే మలుపు తిరగదేమోనని భయం. వెనక చిలకమ్మ మూలుగుతోంది. ఇంతమందిని నా చేతులతో నేనే చంపుతున్నాను అనుకున్నాడు. ఎలాగో నడక వేగానికి తెచ్చి, కారును కొండ వైపు ఒరిపించి ఆపాడు.

గురువుగారు దిగి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపారు. టకటకమంది.

"పాతది ఉన్నప్పుడూ ఇలాగే ఊగేదా?"

"ఇలాగేనండీ."

ఈలోగా చిలకమ్మ తల్లి కేకలు విని పోడు చేలల్లోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. కర్రకు దుప్పటి కట్టి డోలీ చేసి, అడ్డదారిన ఆమెను మోసుకుపోయారు. తల్లి పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "బండి బాగయిందన్నావు కదా బాబూ!" అంది.

ఆ సాయంత్రం దాకా గురుశిష్యులిద్దరూ కారు పక్కనే కూర్చున్నారు. సన్యాసిరావు మంచినీళ్లు కూడా ముట్టలేదు. దారిలో ఏ అలికిడి అయినా చావు కబురేనని ఉలిక్కిపడేవాడు. పొద్దు వాలుతుండగా డోలీ మోసినవాళ్లలో ఒకతను తిరిగొచ్చాడు. "తల్లీ బిడ్డా దక్కారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కకపోదురంట" అన్నాడు. సన్యాసిరావు పెద్దగా ఏడ్చేశాడు.

ఏడుపు తగ్గాక జేబులోని పాత పిన్నును బయటికి తీశాడు. దాన్ని వేళ్ల మధ్య మెల్లగా దొర్లించాడు. చివర లావు, నడుము సన్నం. చక్రం తిరిగి తిరిగి అక్కడ నున్నగా అరగదీసింది. మూడు రోజులూ అతను పట్టుకు తిరిగిన దారం ఆ అరిగిన నడుము కొలతే.

"అరిగినదాన్నే ఏరుకొచ్చాను గురువుగారూ. రేపే బంగారమ్మ దగ్గరికి వెళ్తాను. ఆ పిన్ను ఇంకా ఉంటే..."

లోకనాథంగారు చెయ్యి చాపి పాత పిన్నును తీసుకున్నారు.

"వెళ్లు నాయనా. ఇది మాత్రం నా దగ్గర ఉంచి వెళ్లు. నీ జేబులో ఉంటే నీకు మళ్లీ ఇలాంటిదే నచ్చుతుంది."