బురుజు దిగిన కావలివాడు

మన తాతల తాతలు పుట్టకముందు మాట. అనగనగా ఈదులకొండ అనే కోట, ఆ కోటకు మల్లభూపాలుడనే రాజు. కొండ కింద మైదానంలో ఒక పల్లె. ఇది నవ్వుకునే కథ కాదు పిల్లలూ, అయినా వినాలి.

పల్లెకు గోడ లేదు. శత్రువుల దండు కనబడితే కోట బురుజు మీది కావలివాడు కొమ్ము ఊదేవాడు. అది వినగానే జనం ఎక్కడి పని అక్కడే వదిలి, పిల్లలను చంకనేసుకుని కోటలోకి పరుగెత్తేవాళ్లు. వాళ్ల ప్రాణాలకు ఆ కొమ్మే దిక్కు.

ఒక ఏడు రాజుగారు సైనికులందరినీ పరీక్షించి, ఎవరికి తగిన పని వారికి ఇవ్వమన్నాడు. మంచి ఆలోచనే. సేనాపతి బసవరాజు మూడు పరీక్షలు పెట్టాడు. కోట తలుపు గడియను ఎవరు ఎత్తగలరో చూశాడు. గురి తప్పకుండా బాణం ఎవరు వేయగలరో చూశాడు. మూడోది చూపు పరీక్ష. దూరాన ఒకసారి ఆవులను, ఒకసారి గుర్రాలను తోలించి, లేచిన దుమ్మును చూపి, "ఆ వచ్చేవేమిటి?" అని అడిగాడు.

"మొదటివి ఆవులు. దుమ్ము నేలను పట్టుకుని పాకింది. తర్వాతివి గుర్రాలు. దుమ్ము పైకి లేచింది" అన్నాడు అప్పటిదాకా బురుజు కావలి కాస్తున్న ఎర్రప్ప అనే సైనికుడు. అందరూ తడబడిన చోట అతనొక్కడే సరిగ్గా చెప్పాడు. అతని భార్యా కూతురూ కింది పల్లెలోనే ఉండేవాళ్లు.

పరీక్షల్లో ఏ లోపమూ లేదు. లోపమంతా ఆ తర్వాత జరిగింది. ఆ కోటలో ఒక ఆచారం ఉంది. మేలైనది ఏది దొరికినా, అది మామిడిపండైనా మనిషైనా, రాజుగారి సన్నిధికి చేరాల్సిందే. గెలిచిన ముగ్గురికీ పట్టు తలపాగాలు చుట్టి సింహాసనం పక్కన నిలబెట్టారు. గడియ ఎత్తినవాడు వింజామర వీచాడు. బాణం వేసినవాడు తాంబూలం పళ్లెం పట్టుకున్నాడు. ఎర్రప్పకు రోజంతా సభలో వేలాడే తెరల వంక చూడటమే పని. ఓడినవాళ్లను తలుపుకీ బురుజుకీ పంపారు.

బురుజు కావలి ఓడినవాళ్లలో గురవయ్య అనే అతనికి వచ్చింది. "పొద్దు వాలితే నాకు చూపు ఆనదయ్యా" అని అతను మొత్తుకున్నాడు. "సన్నిధికి పనికిరానివాడివి, ఇచ్చింది చెయ్" అన్నాడు సేనాపతి.

ఎర్రప్ప సేనాపతి దగ్గరికి వెళ్లి, తనను మళ్లీ బురుజు మీదికి పంపమని బతిమాలాడు. "పట్టు తలపాగా బరువైందా?" అని సేనాపతి నవ్వాడు. ఎర్రప్ప మంత్రిని అడిగాడు. "రాజుగారు ఇచ్చిన గౌరవాన్ని వద్దంటే ఆయన్ని అవమానించినట్టే" అన్నాడు మంత్రి. చివరికి రాజు కాళ్ల మీదే పడ్డాడు.

"ప్రభూ, ఇక్కడ నాకు తెరలు తప్ప ఏమీ కనబడటం లేదు. నా పల్లెను నన్ను చూసుకోనివ్వండి."

"నీలాంటివాడు పక్కన ఉంటేనే నా సభకు అందం" అన్నాడు రాజు.

పంటలు ఇళ్లకు చేరే రోజుల్లో ఒక సాయంత్రం దూరాన దుమ్ము లేచింది. గురవయ్య కళ్లు చికిలించి చూశాడు. మందలు ఇంటికి మళ్లే వేళ. ఆవులే అనుకున్నాడు పాపం. కొమ్ము ఊదలేదు.

గుర్రాల దండు పల్లె మీద పడింది. కోటలోకి అరుపులు వినబడేసరికి అంతా అయిపోయింది. ఎర్రప్ప తలపాగా విసిరేసి పరుగెత్తాడు. పల్లెలో బూడిద మిగిలింది. భార్యా కూతురూ వాకిట్లోనే పడి ఉన్నారు. పారిపోవాలని కూడా వాళ్లకు తెలియలేదు.

గురవయ్య ఆ తర్వాత అన్నం ముట్టలేదు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

మర్నాడు రాజు ఏడుస్తూ ఎర్రప్ప చెయ్యి పట్టుకుని, "నేటి నుంచి బురుజు కావలి నీదే" అన్నాడు.

"ఇప్పుడు ఎక్కి ఎవరిని కాయమంటారు ప్రభూ?" అన్నాడు ఎర్రప్ప.

నీతి ఏమిటంటే, ఎవరికి ఏ నేర్పు ఉందో తెలుసుకుంటే చాలదు. ఆ నేర్పు అవసరమైన చోటనే వాళ్లను ఉంచాలి, లేకుంటే ఏ పాపమూ ఎరుగనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటారు.