తాడు రెండో కొస

ఫాదర్లని తయారుచేసే ఆ సెమినరీ నుంచి పై చదువుకి రోమ్‌కి పంపే సీటు ఒక్కటే. దానికి సిఫారసు ఉత్తరం రాయాల్సింది లాటిన్ చెప్పే ముసలి గురువు చిన్నప్ప ఫాదర్. ఆ ఉత్తరం కోసం బ్రదర్ బాలశౌరి నెల్లాళ్లుగా ఆయన గది ముందు చెప్పులు అరగదీస్తున్నాడు.

ఫాదర్‌కి డాక్టరు వారం రోజులే ఇచ్చాడు. తన చారు తాగితే ఇంకో నెల ఉంటారని సెమినరీ వంటమనిషి రాయప్ప అంటాడు. ఆ చారు తాగినవాళ్లెవరూ ఒప్పుకోలేదు.

ఆ ఉదయం బాలశౌరి వాళ్ల నాన్న ఇన్నయ్య వచ్చాడు. కొడుకు రోమ్ వెళ్తాడని గేటు దగ్గర అడగకుండానే చెప్పాడు. ఆ కబురు ఫాదర్ మంచం దాకా పావుగంటలో చేరింది. ఎవరు చేరవేశారో నాకు తెలియదు.

ఫాదర్ శిష్యుణ్ణి పిలిచారు. “హుమిలిస్ చెప్పు నాయనా.”

బాలశౌరి చేతులు కట్టుకున్నాడు. “వినయం గలవాడని అర్థం ఫాదర్. నేలకి పేరైన ‘హుముస్’ నుంచి పుట్టింది. పుంలింగానికీ స్త్రీలింగానికీ రూపం ఒకటే. నపుంసకానికి హుమిలే.” ఆపైన రెండు వచనాల్లో విభక్తులన్నీ అప్పజెప్పాడు. ఒక్కచోటా తడబడలేదు.

“బాగుంది. వరండాలో ఎవరు?”

ఇన్నయ్య చెగోడీల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్లనిండా ఎర్రమట్టి.

“మా ఊరి మనిషి ఫాదర్. సమాధులు తవ్వుతాడు.”

ఇన్నయ్య విన్నాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“లోపలికి రండి పెద్దాయనా,” అన్నారు ఫాదర్. “ఎలాగూ వచ్చారు, నాకు కొలత తీసుకోండి.”

ఇన్నయ్య సంచిలోంచి కొలతకి ముడులు వేసిన తాడు తీశాడు. మంచం చుట్టూ చూశాడు.

“రెండో కొస ఎవరు పట్టుకుంటారు?” అని అడిగారు ఫాదర్.

“తల దగ్గర కొస తవ్వేవాడి కొడుకే పట్టుకోవాలండీ. మా ఆనవాయితీ.”

“కొడుకున్నాడా?”

ఇన్నయ్య తాడు ముడులు తడిమాడు. “లేడండీ.”

తర్వాత బాలశౌరి వైపు తిరిగి చేతులు జోడించాడు.

“అయ్యగారూ, తమరు కాస్త ఈ కొస పట్టుకోండి.”

బాలశౌరి పట్టుకున్నాడు. ఇన్నయ్య ఫాదర్ పాదాల దగ్గర కొలతకి ముడి వేసి, తాడు చుట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మూట వరండాలోనే ఉండిపోయింది.

ఫాదర్ దిండు కిందనుంచి కాగితం తీసి ఇచ్చారు. కింద సంతకం, పైన ఒకటే వాక్యం: ‘ఇతనికి లాటిన్ బాగా వచ్చు.’

బాలశౌరి కాగితం తిరగేశాడు. వెనక ఏమీ లేదు.

“ఇంకేమైనా రాయమంటావా?” అన్నారు ఫాదర్.