గాలేస్తే పోయే పేర్లు

అనగా అనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో రాజూ లేడు, కోటా లేదు, చిన్న ఆసుపత్రి ఒకటుండేది. అందులో ఒక లినక్సు కంప్యూటరు. అవసరమైతే రక్తమిస్తామన్న వాళ్ళ పేర్లు, వీధులు అన్నీ దాన్లోనే. ఊ కొట్టండర్రా, లేకపోతే నాకే నిద్రొచ్చేస్తుంది.

గాలి వీచె, కరెంటు పోయె, కంప్యూటరు ఆగె, ఫైలు చెడె, పేర్లు పోయె! పాత కాపీ తెచ్చి పెట్టేవారు. మళ్ళీ గాలి వీచె, కరెంటు పోయె, కంప్యూటరు ఆగె, ఫైలు చెడె, పేర్లు పోయె! గదిలో దయ్యముందని కాంపౌండరు సింహాద్రి గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు. నిమ్మకాయలు ఎండాయి గానీ పేర్లు నిలవలేదు.

ఒకరోజు పొద్దున్నే నూకాలనే అమ్మాయికి కాన్పు కష్టమైంది. ఓ నెగెటివు రక్తం కావాలి, అదేమో అరుదు. ముందురోజే ఆ గ్రూపువాడొకడు వచ్చి పేరు రాయించుకున్నాడని నర్సుకి గుర్తే, పేరే గుర్తులేదు. రాత్రి మళ్ళీ గాలేసిందిగా, ఫైలు చూస్తే తెరుచుకోదు, పాత కాపీలో నిన్నటి పేరుండదు!

ఆ ఊళ్ళో హైమవతమ్మ కోడలు మందాకిని కంప్యూటర్లు బాగుచేసేది. కబురొచ్చేసరికి పులుసు పెడుతోంది.

"పులుసు నేను చూసుకుంటాగా, నువ్వెళ్ళు తల్లీ!" అంది అత్తగారు.

మందాకిని కంగారుపడి ఆ ఫైలుని కెలకలేదమ్మా. ముందు దానికో నకలు తీసి, ఆ నకల్లోంచి మిగిలిన ముక్కలు ఏరింది. చిట్టచివర సగం పేరు దొరికింది: "అప్పల", వలల వీధి. సింహాద్రి పరిగెత్తాడు. ఆ వీధిలో ఎవర్ని పిలిచినా అప్పలే! అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనర్సయ్య, అందరూ బయటికొచ్చారు. ఆఖర్న భుజం మీద వలతో అప్పలసూరి, "నాదేనయ్యా ఆ రక్తం, పద" అన్నాడు. పరీక్షలు చేసి ఎక్కించారు. తల్లీ బిడ్డా బతికారు. ఊ కొడుతున్నారా? ఇంకా ఉంది.

మందాకిని ఇంటికెళ్ళలేదు. దయ్యమేదో తేలాలిగా! ఉత్తుత్తి పేరొకటి రాసి, కావాలనే ప్లగ్గు పీకేసింది. ఫైలు చెడింది. సెట్టింగులు వెతికితే దొరికింది. రాసింది డిస్కు మీదకి దిగిందో లేదో చూడకుండానే కంప్యూటరు "రాసేశా" అంటోంది. మీ తాతయ్య మాత్ర మింగేశానని చెప్పి గుప్పిట్లో దాచుకునేవారు చూడండి, అలాగన్నమాట. ఈలోగా కరెంటు పోతే సగం డిస్కు మీద, సగం గాల్లో.

అలా మార్చినవాడు కంప్యూటరు పెట్టిన పరాంకుశం. పేర్లు రాయించుకునేవాళ్ళ వరస పెద్దదని, త్వరగా అవుతుందని మార్చానమ్మా అని తల పట్టుకుని కూర్చున్నాడు. మందాకిని తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అతని చేతే సరిచేయించింది. పదిసార్లు ప్లగ్గు పీకారు. పదిసార్లూ రాసిన పేరు రాసినట్టే ఉంది! కొంచెం నెమ్మదైంది, అయితేనేం?

ఆ తరవాత ఎప్పుడు గాలేసినా అప్పలసూరి ఆసుపత్రికొచ్చి, "నా పేరుందా అమ్మా?" అని అడిగేవాడు. ఉందని నర్సు చూపిస్తే, చదువు రాకపోయినా తృప్తిగా చూసుకుని వెళ్ళేవాడు.

అందుకే, ఏ పనైనా అయిపోయిందని చెప్పేముందు ఒక్కసారి చూసుకోండర్రా. ఇక కథ కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.