సామమ్మ నోట్లో ఏముంది?

చింతలమడుగు అడవిలో దుప్పులు ఉండేవి, ఎలుగులు ఉండేవి, నెమళ్ళు ఉండేవి. వాటి కథలు ఎవరైనా చెబుతారు. ఈ కథ వాటి కాళ్ళ కింద తిరిగే చీమలది. ఒక మద్దిచెట్టు మొదట్లో ఆ చీమల పుట్ట ఉండేది. పైకి గుప్పెడు మట్టే కనిపించినా, లోపల అరల మీద అరలు, సందుల వెనక సందులు.

ఆ పుట్టలో ఏ చీమ మొదట ఏ గింజ మోసుకొస్తే దానికి ఆ పేరే. నూక మోసింది నూకాలు. సామగింజ మోసింది సామమ్మ. ఇద్దరూ ఒకే రోజు గుడ్లలోంచి బయటపడ్డారు కాబట్టి వాళ్ళ మధ్య మమకారం కాస్త ఎక్కువ. నూకాలు అడుగు అరలో గుడ్లను కనిపెట్టుకుని ఉండేది. సామమ్మ బయట మోతకు వెళ్ళేది. నలుగురు మోసే బరువు ఒక్కతే ఎత్తి, మీరూ ఎత్తండి చూద్దాం అన్నట్టు మీసాలు ఆడించేది. దాని గొప్ప దానిది.

ఆ పుట్టకు ఒక మర్యాద ఉంది. దారిలో ఇద్దరు ఎదురైతే మీసాలు తాకించుకోవాలి. ఒకరికి ఆకలిగా ఉంటే రెండోవారు తమ నోట్లోది తీసి పెట్టాలి. ఏమిటి, ఎక్కడిది అని అడగకూడదు. అడిగితే పెట్టినవాళ్ళను అవమానించినట్టే. తాతల కాలం నుంచి అందరి కడుపూ అలాగే నిండింది, ఎవరికీ ఏ కష్టమూ రాలేదు.

ఎండాకాలం చివర్లో ఒక పెంకుపురుగు వచ్చింది. చీమలకు వాసనే గుర్తు. పుట్ట వాసన లేనివాళ్ళను కాపలా చీమ గడప దాటనివ్వదు. ఈ సంగతి తెలిసిన పురుగు, రెండు రోజులు చీమల చెత్తకుప్పలో పొర్లి, ఒంటికి ఆ వాసన పట్టించుకుని మరీ వచ్చింది. దాని పక్కల మీద పచ్చటి నూగు ఉంది. నూగు చివర్లలో చుక్కలు మెరుస్తున్నాయి.

"పాపం, ఎండలో నిలబడి ఉన్నావు. ఒక్క చుక్క నాకి చూడు, ఊరికే ఇస్తున్నాను" అంది పురుగు.

కాపలా చీమ నాకింది. ఎండ తెలియలేదు. కాళ్ళ నొప్పి తెలియలేదు. పురుగు గడప దాటి లోపలికి పోవడమూ తెలియలేదు.

ఆ సాయంత్రం మోసి మోసి అలసిపోయి వచ్చిన సామమ్మ, ఆకలని మీసాలు తాకించింది. కాపలా చీమ మర్యాద ప్రకారం నోట్లోది పెట్టింది. సామమ్మ ఇంకొకరికి పెట్టింది, ఆ ఇంకొకరు మరో ఇద్దరికి. మంచి అలవాటు భుజమెక్కి మత్తు పుట్టంతా తిరిగేసింది.

నాలుగో రోజుకు గింజలు దారిలోనే పడి ఉన్నాయి. మోయాల్సినవాళ్ళు పురుగు చుట్టూ మూగి ఉన్నారు. పురుగు ఇప్పుడు ఊరికే ఇవ్వడం లేదు. ముందు పడుకోవడానికి చోటు అడిగింది. తర్వాత వెచ్చగా ఉంటుందని గుడ్ల అరలోనే చోటు అడిగింది. మత్తులో ఉన్నవాళ్ళు దేనికైనా తల ఊపారు. పురుగు అక్కడ తన గుడ్లు పెట్టుకుంది. కొన్నాళ్ళకు దాని పిల్లలు బయటికొచ్చి, పక్కనున్న చీమగుడ్లను తినడం మొదలుపెట్టాయి.

అప్పటినుంచి నూకాలుకు కాలు నిలవలేదు. ఈ మూల సర్ది వచ్చేసరికి ఆ మూల గుడ్లు ఖాళీ. కసిరితే పురుగు పిల్లలు కదలవు, లాగితే మత్తుచీమలు అడ్డం పడతాయి. దానికితోడు పైన గాలి మారింది. మట్టి చెమ్మగా వాసన వేస్తోంది. వాన పడేలోపు గుడ్లన్నీ పై అరకు చేర్చాలి. చేర్చకపోతే ఈ ఏడు ఆ పుట్టలో పుట్టేవాళ్ళే ఉండరు. మోసే వాళ్ళేమో ఇలా పడి ఉన్నారు. నూకాలు సామమ్మను వెతుక్కుంటూ పరుగెత్తింది.

సామమ్మ ఎదురొచ్చి ప్రేమగా నోరు చాచింది. నూకాలు వెనక్కి జరిగింది. చుట్టుపక్కలవాళ్ళు నివ్వెరపోయారు. పెట్టింది వద్దన్న చీమను ఆ పుట్టలో ఎవరూ చూసి ఎరగరు.

"నేను పెడితే తినవా?" అంది సామమ్మ.

"ఇది నువ్వు పెడుతున్నది కాదు. ఆ పురుగు పెడుతున్నది."

సామమ్మ నవ్వేసింది. కొండంత బరువులు మోసే తనను ఒక చుక్క ఏం చేస్తుందంది. అలవాటేం కాలేదని, కావాలంటే రేపే మానేస్తానని చెప్పింది. మర్నాడు అడిగినా అదే రేపు.

నూకాలు తల్లిచీమ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పింది. పక్కనున్న పెద్దచీమలు, మత్తు నాకిన ప్రతివాళ్ళనూ పుట్ట బయటికి గెంటేయమన్నాయి. నూకాలుకు ఏడుపొచ్చింది.

"అమ్మా, గెంటాల్సింది పురుగును. అక్కాచెల్లెళ్ళను గెంటేసి ఎవరికోసం పుట్ట కాపాడుకుంటాం?" అంది.

తల్లిచీమ నూకాలు మాటే ఒప్పుకుంది. పురుగు మీదికి పోదామంటే చుట్టూ మనవాళ్ళే గోడ కట్టి ఉన్నారని, ముందు ఇంకా రుచి చూడని నోళ్ళను కాపాడమని చెప్పింది. నూకాలు అర అరకూ తిరిగింది. ఎవరు నోటికి అందించినా, ఏముంది, ఎవరిచ్చారు అని అడిగి తినమని బతిమాలింది. కొందరు మర్యాద తెలియనిదని ముఖం తిప్పుకున్నారు. కొందరు విన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చీకటిపడినట్టు మబ్బు కమ్మింది. వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. సందుల్లోంచి నీళ్ళు అడుగు అరకు దిగాయి. మాట విన్న కొద్దిమందితోనే నూకాలు మోత మొదలుపెట్టింది. ఎక్కడం, దించడం, మళ్ళీ దిగడం. ఎంత మోసినా కింద ఇంకా ఉన్నాయి.

అప్పుడు కిందినుంచి సామమ్మ పరుగున రావడం కనిపించింది. నోట్లో తెల్లగా ఏదో ఉంది. దాని వెనక పుట్టలోని బలశాలులందరూ వరసగా, అందరి నోళ్ళలోనూ తెల్లగానే ఏదో ఉంది. నూకాలుకు ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా నా సామమ్మ అనుకుంది. దగ్గరికి రాగానే మీసాలకు తేడా వాసన తగిలింది.

"నీ నోట్లో ఏముంది?"

"పిల్ల."

"ఎవరి పిల్ల?"

సామమ్మ ఆగింది. నోట్లోది కింద పెట్టి చూసింది. అది బలిసిన పురుగు పిల్ల. దాని ఒంటినిండా ఆ చుక్కల వాసనే. మత్తు వాసన పట్టుకుని దాన్నే ముందు ఎత్తుకొచ్చింది సామమ్మ. వెనకున్న ప్రతివాళ్ళూ అదే పని చేశారు. తమ గుడ్లు కింద నీళ్ళలో తేలుతున్నాయి.

సామమ్మ దాన్ని వరదలోకి తోసేసింది. వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగింది. ఒక గుడ్డు తెచ్చింది. మళ్ళీ దిగి ఇంకొకటి తెచ్చింది. మిగతావాళ్ళూ మోసినవి నీళ్ళలో పారేసి కిందికి పరుగెత్తారు. మూడోసారి సామమ్మ మట్టిపెళ్ళ కింద ఇరుక్కుంది. నూకాలు లాగి బయటపడేసింది కానీ, దాని ముందుకాలు ఒకటి తెగి అక్కడే ఉండిపోయింది. సగం గుడ్లు దక్కాయి. సగం పోయాయి.

మరి పురుగు? నీళ్ళు చూడగానే పిల్లలనైనా తలవకుండా అందరికంటే ముందు బయటికి పారిపోయింది. బయట నిలవడానికి చోటు దొరక్క మళ్ళీ గడప దగ్గరికొచ్చింది. కాపలా చీమ మీసాలు తాకించి చూసింది. వానకు అరువు వాసన కడుక్కుపోయింది. పక్కల మీది చుక్కలూ పోయాయి. మిగిలింది ఒట్టి పురుగు. కాపలా చీమ మట్టిబెడ్డ లాగి దారి మూసేసింది. వరద పురుగును ఈడ్చుకుపోయింది.

తర్వాత పది రోజులు పై అరలో ఎవరికీ నిద్ర లేదు. చుక్క లేక సామమ్మ ఒళ్ళంతా వణికింది. ఒక్కటంటే ఒక్కటి తెచ్చివ్వమని ఏడ్చింది, ఇవ్వనందుకు నూకాలును నానా మాటలూ అంది. నూకాలు పక్కనుంచి కదలకుండా కొంచెం కొంచెం తేనె పట్టింది. పదకొండో రోజు సామమ్మ తనంతట తాను లేచి నిలబడింది. పాత బలం మాత్రం తిరిగి రాలేదు. ఒకప్పుడు నలుగురి బరువు ఎత్తిన సామమ్మ ఇప్పుడు ఒక నూక కూడా ఎత్తలేకపోయింది. తల్లిచీమ దాన్ని గడప దగ్గర కాపలాకు పెట్టింది.

కొన్నాళ్ళకు సామమ్మ నీళ్ళలోంచి తెచ్చిన గుడ్లలో ఒకటి పగిలి ఒక చిన్నచీమ బయటికొచ్చింది. ఆకలితో గడప దాకా నడిచి వచ్చింది. సామమ్మ సంబరంగా నోరు చాచింది. చిన్నచీమ వెంటనే తినలేదు. మీసాలు తాకించి, నూకాలు నేర్పినట్టే అడిగింది.

"నీ నోట్లో ఏముంది? ఎవరిచ్చారు?"

అంతకుముందైతే ఆ మాట పెద్ద అవమానం. సామమ్మకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

"తేనె. నూకాలు అక్క ఇచ్చింది. తిను" అంది.

ఇప్పుడు మీరు ఏ చీమల బారునైనా చూడండి. ఎంత పరుగులో ఉన్నా, ఎదురుపడిన రెండు చీమలు ఒక్క క్షణం ఆగుతాయి. ఏం అడుగుతున్నాయో మీకు తెలుసు.

నీతి: ఎంత ప్రేమగా అందించినా, ఏమిటో ఎక్కడిదో తెలుసుకోనిదే నోట పెట్టకూడదు, మత్తుకు చోటిస్తే అది మన చేతులతోనే మన ఇంటిని ముంచుతుంది.